తాతబ్బాయి నోరు మూసుకున్న నెల

నర్సీపట్నంలో తాతబ్బాయి గొంతు తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు ఆ వారమే బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తులై ఉండాలి. ఆయనకి టెంట్ హౌస్ ఉంది, సౌండ్ బాక్సులున్నాయి. చుట్టుపక్కల ఏ అమ్మవారి తీర్థానికైనా, ఏ వినాయకుడి పందిట్లోనైనా ప్రోగ్రాం పెట్టించేది ఆయనే. అయినా జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది కుర్చీలకీ షామియానాలకీ కాదు. తాండవ బ్యాండు స్టేజీ ఎక్కే ముందు ఆయన మైకు పట్టుకుని చెప్పే నాలుగు ముక్కల కోసం మనుషులు పనులు మానుకుని పెందలాడే వచ్చి కూర్చునేవారు.

తాండవ అంటే నలుగురు. వరహాలక్ష్మి పాడుతుంది, జోగులు డ్రమ్స్ వాయిస్తాడు, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు గిటార్లు. సినిమా పాట ఒక్కటీ ముట్టరు, పాటలు వాళ్ళే కట్టుకుంటారు. డిగ్రీ చదివే రోజుల్లో ప్రాక్టీసుకి చోటు దొరక్క తాతబ్బాయి గోడౌన్‌లో, పేర్చిన కుర్చీల మధ్య దూరి వాయించుకునేవారు. ఒకరోజు ఆ గోలేమిటో తేల్చి తరిమేద్దామని కర్ర పట్టుకుని వెళ్ళిన తాతబ్బాయి, కర్ర గోడకి ఆనించి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం టెంటు అడగడానికి వచ్చిన పెళ్ళివాళ్ళు గంటసేపు బయట నిలబడ్డారు పాపం.

వాళ్ళని మొదటిసారి ఎస్. రాయవరంలో స్టేజీ ఎక్కించాడు. అక్కడి జనం సినిమా పాటలకీ డ్యాన్సులకీ వచ్చారు. రావలసిన ఆర్కెస్ట్రా వ్యాను దారిలో ఆగిపోయింది. దాని బదులు జులపాల జుట్టుతో గిటార్లు పట్టుకున్న నలుగురు కనబడేసరికి అరుపులు మొదలయ్యాయి. ఎవడో చెప్పు కూడా విసిరాడు. తాతబ్బాయి ఆ చెప్పు తీసి తన కాలికి తొడుక్కుని, మైకు అందుకున్నాడు.

“ఒరే బావులూ, మీకు తెలిసిన పాటే కావాలంటే జేబులో ఫోనుంది, ఇంటికెల్లి ఇనుకోండి. ఈ గుంటలు మీకు తెలీని పాట పాడతారు. రేపు మీరే మీ పిల్లలకి సెప్పుకుంతారు, ‘మొదటిపాలి ఇన్నది మావేరా’ అని. అలా సెప్పుకోకపోతే ఆ రెండో సెప్పు కూడా ఇసిరీండి. నాకు సరిగ్గా సరిపోయింది!”

జనం నవ్వారు. నవ్విన జనం విన్నారు. విన్న జనం ఇంకో పాట, ఇంకో పాట అని అర్ధరాత్రి దాకా వదల్లేదు. చెప్పు విసిరినవాడు మాత్రం రెండోది చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద ఇంటికి పోయాడని అంటారు. అందులో నిజమెంతో తాతబ్బాయికే తెలియాలి.

అక్కణ్ణించి ఆయనకి అదో పిచ్చి పట్టుకుంది. ఒక చోట చెప్పిన పరిచయం ఇంకో చోట చెప్పడు. ప్రోగ్రాం ఏ ఊళ్ళో అయితే పొద్దున్నే ఆ ఊరు వెళ్ళి, టీ బడ్డీల దగ్గరా, మంగలి షాపులోనూ, బస్టాండులోనూ తిరుగుతూ “ఏటి కబురు?” అని కనబడ్డ ప్రతివాణ్ణీ అడుగుతాడు. సాయంత్రానికి ఆ కబుర్లన్నీ కలిపి పరిచయం తయారు. నాతవరంలో వాన పడుతుంటే గొడుగుల కింద ముడుచుకున్న జనంతో, “తాండవ డ్యాము నీల్లు మీ కాలవలోకి దిగినపుడు ముందు సప్పుడొస్తాది, తరవాత సల్లదనం వస్తాది. ఇదిగో, సప్పుడు ఇనండి!” అన్నాడు. జనం గొడుగులు మూసేశారు. ఏటికొప్పాకలో, “మీరు సేసిన లక్కబొమ్మలు అద్దాల బీరువాల్లో కూకుంటాయి. ఈ బొమ్మలు కూకోవు, మిమ్మల్నీ కూకోనివ్వవు,” అన్నాడు. ఈ ముక్కలన్నీ జనం ఫోన్లలో రికార్డు చేసుకుని స్టేటస్‌లు పెట్టుకునేవారు.

ఆయనలో ఒక లోపం లేకపోలేదు. “ఏటి కబురు?” అని అడుగుతాడు కానీ, అవతలివాడు సగం చెప్పేలోపే మిగతా సగం ఆయనే చెప్పేస్తాడు. ఇంట్లో భార్య వెంకటదుర్గకి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క వాక్యం పూర్తిచేసే అదృష్టం కలగలేదు. స్టేజీ మీద కూడా అంతే. మొదలుపెడితే ఆపడు. మరీ సాగదీస్తే వెనకనుంచి జోగులు డ్రమ్ము మీద దడదడా మోత అందుకునేవాడు. తాతబ్బాయి వెనక్కి తిరిగి, “ఆగరా డ్రమ్ముల బావూ, ఇంకొక్క ముక్క!” అనేవాడు. వీళ్ళిద్దరి పోట్లాట చూడ్డానికే సగం జనం వచ్చేవారు.

రెండు మూడేళ్ళలో తాండవ పాటలు ఫోన్లలో ఊళ్ళు దాటిపోయాయి. హైదరాబాద్ పిలిచింది, బెంగళూరు పిలిచింది. ఈ ఏడాది వాళ్ళు సొంత ఊళ్ళో, జూనియర్ కాలేజీ గ్రౌండులో పెద్ద ప్రోగ్రాం చేస్తామని, అది తాతబ్బాయి గారే పెట్టించాలని ఫోన్ చేశారు. తాతబ్బాయి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆటోకి మైకు కట్టించుకుని ఊరూరా తనే అరుచుకుంటూ తిరిగాడు. రికార్డు చేసి వినిపించవచ్చు కదా అంటే, “రికార్డులో నా మీసం కనబడద్దేటి?” అన్నాడు. ఆటోలో మాత్రం ఎలా కనబడుతుందో ఎవరూ అడగలేదు.

అలా అరిచి అరిచి ఒకనాటి పొద్దున్న లేచేసరికి గొంతు లేదు. విశాఖపట్నంలో డాక్టరు చూసి, స్వరపేటిక మీద చిన్న కాయ ఉందని చెప్పి, ఆపరేషన్ చేసి తీసేశాడు. భయం ఏమీ లేదు కానీ మూడు వారాలు ఒక్క మాటా మాట్లాడకూడదన్నాడు. గుసగుస అయితే మరీ చేటన్నాడు. మాట్లాడితే గొంతు జన్మంతా బొంగురుపోయి ఉండిపోవచ్చన్నాడు.

“మూడు వారాలేనా అండీ?” అంది వెంకటదుర్గ.

ప్రోగ్రాం సరిగ్గా ఆ మూడో వారంలో పడింది. తేదీ మార్చుదామని వరహాలక్ష్మి ఫోన్ చేసింది. వెంకటదుర్గ స్పీకర్ ఆన్ చేస్తే తాతబ్బాయి వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. ఊళ్ళన్నిటికీ చెప్పిన తేదీ మార్చడమంటే ఆయనకి తలకొట్టేసినట్టే. కానీ ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టలేదు. తాండవ ఇన్నేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఏ స్టేజీ ఎక్కినా ఆయన పిలిస్తేనే ఎక్కింది. ఇప్పుడు వేరే ఎవరో పిలుస్తారు. బ్యాండు దర్జాగా ఎక్కుతుంది. జనం ఈలలు వేస్తారు. ఎవరికీ ఏ లోటూ ఉండదు. ఆ లోటు ఉండకపోవడమే ఆయన భయం.

పరిచయానికి కేబుల్ టీవీలో వార్తలు చదివే చిట్టిరాజుని కుదిర్చారు. అతను కోటు వేసుకొచ్చి, తాతబ్బాయి ఇంటి వరండాలో నిలబడి ఒకసారి చెప్పి చూపించాడు. “లేడీస్ అండ్ జెంటిల్మెన్, పుట్ యువర్ హ్యాండ్స్ టుగెదర్” అని మొదలుపెట్టేసరికి తాతబ్బాయి తువ్వాలు మొహం మీదకి లాక్కున్నాడు.

ఆ తువ్వాలు గురించి చెప్పాలి. గొంతుకి దుమ్ము తగలకూడదని వెంకటదుర్గ ఆయన మెడ చుట్టూ ఒకటి చుట్టి పంపేది. చేతికి దొరికింది కాషాయం రంగుది. పైగా దిగులుతో ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు. పలకరిస్తే పలకడు, దండం పెడుతున్నట్టు చేతులు జోడించి తల ఊపుతాడు. మార్కెట్లో కూరలమ్మే అప్పలకొండ ఇదంతా రెండు రోజులు చూసింది. మూడోరోజు ఒక కొబ్బరికాయ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి దండం పెట్టింది.

“మౌనం పట్టీ మనిసివని తెల్దు బావూ. పోయిన నెల బెండకాయలు ముదిరిపోయినాయని నాతో దెబ్బలాడినప్పుడు నాలుగు మాటలనీసినాను. మనసులో ఎట్టుకోకు.”

తాతబ్బాయి కాదు కాదని అరచెయ్యి అడ్డంగా ఊపాడు. ఆవిడకది దీవెనలా కనబడింది. చెంపలు వేసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి మార్కెట్టంతా తెలిసింది, సాయంత్రానికి బస్టాండుకి చేరింది. తాతబ్బాయి ఫోన్లో ‘ఆపరేషన్ అయింది’ అని పెద్ద అక్షరాలతో రాసి అందరికీ చూపించాడు. చదివినవాళ్ళు కళ్ళు మూసుకుని తలాడించారు. మొక్కు సంగతి ఎవరైనా బయటికి చెప్పుకుంటారా, అందుకే అలా రాశారు అనుకున్నారు. ప్రోగ్రాం నాడు స్టేజీ మీదే మౌనం విప్పుతారని కూడా తేల్చేశారు. ఇంట్లో అరటిపళ్ళు గుట్ట పడ్డాయి. వెంకటదుర్గ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయేది.

వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? కూర్చుని తమ గోడు చెప్పుకునేవారు. తాతబ్బాయికి నోరు లేదు, మధ్యలో అందుకోవడానికి వీల్లేదు. అందుకని యాభై ఏళ్ళు దాటాక మొదటిసారి మనుషులు చెప్పేది చివరిదాకా విన్నాడు. విన్నకొద్దీ ఆశ్చర్యపోయాడు. కబురులో అసలు సరుకంతా ఆయన ఎప్పుడూ విననివ్వని ఆ రెండో సగంలో ఉంది!

నాతవరం షేర్ ఆటో నడిపే కొండన్న, తన మనవరాలు తాండవ పాట పెడితే గాని ముద్ద మింగదని చెప్పాడు. జీడిపిక్కల వ్యాపారి సింహాద్రి, తనకీ తన తమ్ముడికీ ఏళ్ళ తరబడి మాటల్లేవని, ఏటికొప్పాక ప్రోగ్రాంలో చీకట్లో పక్కనున్నవాడి భుజం మీద చెయ్యి వేసి గంతులేస్తూ చూస్తే తమ్ముడని చెప్పాడు. “తీసీడానికి బుద్ది పుట్టలేదు సావీ. ఆడూ తియ్యలేదు,” అన్నాడు. ఇలాంటి కబుర్లు చేతిలో ఉంటే తాతబ్బాయి గ్రౌండుని ఏడిపించి నవ్వించి ఊపేసేవాడు. నోరు విప్పడానికి లేదు. అన్నం ముందు పెట్టి చేతులు కట్టేసినట్టుంది ఆయనకి.

ప్రోగ్రాంకి రెండు రోజుల ముందు కొండ మీద నుంచి ఒకావిడ వచ్చింది. సంతకి చింతపండూ కొండచీపుర్లూ తెచ్చి, అవి అమ్ముడుపోయాక ఈయన అరుగు చివర కూర్చుంది. కొంగు చివర డబ్బులు ముడేసుకుంది.

“నాను బుల్లమ్మని. జోగులు అమ్మని,” అంది చివరికి. “ఆడు రమ్మనే అంటాడు. అలాటి కాడికి మాలాటోల్లు వస్తే ఎక్కడ కూకోవాలో తెల్దని రాలేదు. ఈసారి ఈ ఊల్లోనే కదా, వస్తాను. మా వోల్లంతా ఫోన్లో నీ మాటలు ఇంతారు. నువ్వు మా వోడి పేరు మైకులో సెప్తే ఎలాగుంటాదో ఓపాలి ఇనాలని ఉంది, సావీ. అంతే.”

తాతబ్బాయి గబుక్కున తల ఊపేశాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. బస్సు వేళయిందని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన అరుగు మీదే కూర్చుండిపోయాడు. ఇన్ని ఊళ్ళలో, ఇన్ని పరిచయాల్లో, జోగులు పేరు ఆయన ఒక్కసారీ పలకలేదు. ‘డ్రమ్ముల బావు’ అన్నాడు, ‘మన పిడుగు’ అన్నాడు. వరహాలక్ష్మిని ‘కోయిల’ అన్నాడు. ఆ పిల్లల పేర్లు ఏ ఒక్కటీ చెప్పలేదు. చమత్కారమంతా తనదైపోయింది. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఇప్పుడు చెబుదామంటే గొంతు లేదు, చెబుతానని తల ఊపేశాడు.

ఆదివారం పొద్దు వాలేసరికి గ్రౌండు నిండిపోయింది. నాతవరం ఆటోలు, ఎస్. రాయవరం ట్రాక్టర్లు, కొండ దారిన వచ్చిన జీపులు బయట బారులు తీరాయి. జోగులు పేరు మరిచిపోవద్దని తాతబ్బాయి ఫోన్లో రాసి చిట్టిరాజుకి నాలుగుసార్లు చూపించాడు. చిట్టిరాజు స్టేజీ ఎక్కి, “హలో నర్సీపట్నం! ఆర్ యూ రెడీ?” అన్నాడు.

“తాతబ్బాయి గారేరీ?” అంది గ్రౌండు.

చిట్టిరాజు నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి ఈలలతో. చిట్టిరాజు మంచివాడు. రెండు నిమిషాలు చెమటలు కక్కి, పక్కన సౌండు చూసుకుంటున్న తాతబ్బాయి దగ్గరికి వచ్చి, “నా వల్ల కాదు గురువు గారూ,” అని మైకు ఆయన చేతిలో పెట్టేశాడు.

తాతబ్బాయి స్టేజీ మధ్యలో నిలబడ్డాడు. ఈలలు ఆగాయి. వెనకనుంచి జోగులు, పాత అలవాటు కొద్దీ, సాగదీశావు ఇక చాలన్నట్టు దడదడా ఒక మోత మోగించాడు. ఒక్క మాటా మొదలవకుండానే మోగిన మోతకి జనం పగలబడి నవ్వారు. ఒక్క పేరు. ఒక్కటంటే ఒక్క పేరు పలికితే గొంతు పోతుందా? పోతే పోయిందనుకుని నోరు తెరిచాడు. ముందు వరసలో వెంకటదుర్గ లేచి నిలబడింది. ఆవిడ మొహంలో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం చూసి ఆయన నోరు మూసేశాడు.

ఏం చెయ్యాలో తోచక జనంలోకి చూస్తే కొండన్న కనబడ్డాడు, మనవరాల్ని భుజాన ఎక్కించుకుని. తాతబ్బాయి ఆ వైరు లేని మైకు పట్టుకుని మెట్లు దిగాడు. తిన్నగా వెళ్ళి మైకు కొండన్న నోటి ముందు పెట్టాడు.

“నానేటి సెప్పాలండీ?” అన్నాడు కొండన్న. ఆ మాట గ్రౌండంతా మోగింది. తాతబ్బాయి పిల్ల వైపూ స్టేజీ వైపూ చూపించాడు. “ఓ, అదా! ఇది ముద్ద మింగాలంటే ఈల్లు పాడాలండి. బేగి మొదలెట్టమనండి, ఇది పొద్దున్నించీ తిన్లేదు!”

గ్రౌండు గొల్లుమంది. తాతబ్బాయి అప్పటికే సింహాద్రి దగ్గరున్నాడు. సింహాద్రి మైకు చూసి పక్కకి తిరిగాడు. పక్కనే ఉన్న తమ్ముడు మైకు తన వైపు లాక్కుని, “సెయ్యి తీసీమని నాను సెప్పలేదండి,” అని ఊరుకున్నాడు. ఆ ముక్క సగం మందికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఇక బుల్లమ్మ. కుర్చీల్లో లేదు. చాపల మీద లేదు. దూరంగా, కాంపౌండు గోడ వారన, తనవాళ్ళతో కలిసి నిలబడి ఉంది. తాతబ్బాయి గ్రౌండు ఈ కొసనుంచి ఆ కొసకి నడిచాడు. జనమంతా మెడలు తిప్పి చూస్తున్నారు. స్టేజీ మీద జోగులు కర్రలు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

మైకు ముందుకి రాగానే బుల్లమ్మ వెనక్కి తగ్గింది. “నాకేటి తెలుసు సావీ? నువ్వు సెప్తావని వచ్చినాను.”

తాతబ్బాయి కాషాయం తువ్వాలు పక్కకి లాగి, గొంతు మీద వేలు పెట్టి, లేదన్నట్టు తల ఊపాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. మొక్కు అనుకున్న అంతమందిలో ఆయన చెప్పింది మొదట అర్థమైంది ఆవిడకే.

“అయ్యో, గొంతు పోనాదేటి బావూ!” అంది. ఆ మీదట మైకు తన చేతిలోకి తీసుకుంది.

“ఆడు జోగులు,” అంది. నాలుగు వైపులా సౌండ్ బాక్సుల్లోంచి ఆ పేరు తిరిగి వచ్చేసరికి ఉలిక్కిపడి, నవ్వి, మళ్ళీ అంది. “జోగులు! మా వోడు. సిన్నప్పుడు గిన్నెలన్నీ కొట్టీసి సొట్టలెట్టీసినాడు. ఆ సొట్టగిన్నెల్లోనే ఇప్పటికీ వండుతన్నాను. ఆడు కొడతాడు, ఇనండమ్మా.”

ముందు గోడ వారనున్న కొండవాళ్ళు అందుకున్నారు, చాపలు అందుకున్నాయి, కుర్చీలు అందుకున్నాయి. “జోగులు! జోగులు!” జోగులు మొహం చేతుల్లో దాచుకున్నాడు. వరహాలక్ష్మి వెళ్ళి వీపు మీద చరిచింది. అప్పుడు కూర్చుని కొట్టాడు చూడండి, ఆ దెబ్బకి కాలేజీ కిటికీల అద్దాలు కూడా గలగలలాడాయి.

తాతబ్బాయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ పరిచయం అయ్యాక వచ్చే చప్పట్లలో సగం తన ఖాతాలో వేసుకునేవాడు. ఇవాళ చప్పట్లన్నీ తన మీదుగా దాటి నేరుగా స్టేజీకి వెళ్ళిపోయాయి. కొంచెం కుళ్ళు కలిగిన మాట నిజమే. దానికి వందరెట్లు సంతోషం కలిగింది. కళ్ళ నీళ్ళు గడ్డంలోకి జారుతుంటే తుడుచుకోలేదు.

మైకు మాత్రం బుల్లమ్మ చేతిలోనే ఉండిపోయింది. పాట మొదలైంది. వరహాలక్ష్మి గొంతెత్తింది. బుల్లమ్మ కాసేపు విని, మైకు నోటి దగ్గర పెట్టుకుని, పాట మధ్యలోనే గట్టిగా అడిగింది.

“ఆ పాడతన్న గుంట ఎవులమ్మాయి? దాని పేరు ఎవులూ సెప్పలేదేటి?”

గ్రౌండంతా ఒక్క నవ్వు. వరహాలక్ష్మి పాట ఆపేసి తనూ నవ్వింది. ముందు వరసలో, వెంకటదుర్గ పక్కనున్న ఒకావిడ కుర్చీ మీదకి ఎక్కేసి, రెండు చేతులూ పైకెత్తి అరిచింది.

“నా కూతురు! నా కూతురండీ! నాకియ్యండి మైకు!”

తాతబ్బాయి బుల్లమ్మ చేతిలోంచి మైకు అందుకుని, పంచె ఎగ్గట్టి, గ్రౌండు ఆ కొస నుంచి ఈ కొసకి పరుగెత్తాడు.